నా కాల్లో బావ

జనవరి 9

అతకలేదు.

సర్జన్ ఎక్స్‌రే ఫిల్మును కిటికీకేసి ఎత్తిపట్టి చూపించింది. మోకాలికీ చీలమండకీ నడుమ నా పెద్ద ఎముక రెండు ముక్కలుగా, మాటల్లేని దాయాదుల్లా ఎదురెదురుగా నిలబడి ఉంది. మధ్యలో నల్లటి సందు. పోయిన వేసవిలో బిగించిన స్టీలు పట్టీ మాత్రం నిక్షేపంగా ఉంది.

"పట్టీ బతికింది, ఎముక చచ్చింది" అన్నాను.

"చావలేదండీ, బద్ధకించింది" అంది. ఈ కాలపు డాక్టర్లకి రోగి కంటే ఎముక మీదే జాలి ఎక్కువ.

మళ్ళీ కోస్తారట. ఈసారి ఆ సందులో వేరే ఎముక తెచ్చి నింపుతారట. అదీ పట్టకపోతే ఇక బతికినన్నాళ్ళూ కాలికి ఇనప చట్రం బిగించుకుని తిరగడమే, మెట్ల సంగతి మర్చిపోవాలి అంది. మెట్లు మర్చిపోవడమంటే మూడో అంతస్తులో ఉన్న నా ఇల్లు మర్చిపోవడం. నా పుస్తకాలు మర్చిపోవడం. ఈ కింది గదిలో, ఈ మంచం మీద, బావ దగ్గు వింటూ, బావ రేడియో వింటూ, బావ అభిప్రాయాలు వింటూ పోవడం.

చెల్లి మంచిదే. కాలు విరిగిన మర్నాడే తన ఇంట్లో గది సర్ది ఇచ్చింది. కానీ చెల్లితోపాటు దాని మొగుడు ఉచితంగా వస్తాడు.

జనవరి 10

కాలు విరగడానికి కారణం బావ. ఇది ఎక్కడో ఒకచోట రాసి ఉండాలి. ఆస్పత్రి కాగితాల్లో 'స్టూలు మీంచి పడ్డారు' అని మాత్రమే ఉంది. స్టూలు ఎందుకెక్కాను? సొరచేపకి ఎముకలుండవని బావ ఫోనులో అన్నాడు కనక. ముల్లు గుచ్చుకోని చేప ఎక్కడైనా ఉందా అన్నాను. "సొరచేప వేరు బావా, దాని ఒళ్ళంతా మన చెవి ఉన్నట్టే మెత్తగా ఉంటుంది" అన్నాడు. బతుకంతా పత్రికాఫీసులో ప్రూఫులు దిద్దినవాణ్ణి, ఇంటినిండా పుస్తకాలు పెట్టుకున్నవాణ్ణి, నాకు ఈ మనిషి చెప్పడమా! పై అరలో జంతుశాస్త్రం ఉంది. దించుతుండగా స్టూలు ఒరిగింది. పుస్తకం, స్టూలు, నేను, ముగ్గురం ఒకేసారి కిందికొచ్చాం.

ఆ పుస్తకం ఇక్కడికి తెప్పించుకున్నాను. ఇంకా తెరవలేదు. తీరిక దొరకలేదు.

జనవరి 14

చెల్లిని వెంటబెట్టుకుని మళ్ళీ ఆస్పత్రికి.

"మీ తుంటి ఎముకలోంచి కొంత గీకి తీస్తాం. మీ వయసుకి అది చాలదు. మిగతాది మా బ్యాంకులోంచి తెస్తాం" అంది సర్జన్.

"ఏ బ్యాంకు?"

"ఎముకల బ్యాంకండీ."

చెల్లికి భయమేసింది. "దాంట్లో ఎవరు వేస్తారమ్మా? పోయినవాళ్ళా?"

"బతికున్నవాళ్ళే ఎక్కువ. తుంటి కీలు మార్చేటప్పుడు అరిగిపోయిన తొడ ఎముక తల తీసేస్తాం కదా, ఇంత బంతిలా ఉంటుంది. పైన అరిగినా లోపల బంగారంలా ఉంటుంది. పారేసే బదులు ఇవ్వమని అడుగుతాం. శుభ్రం చేసి గడ్డకట్టించి దాచుతాం."

చెల్లి మొహం వెలిగిపోయింది. "మా ఆయన కూడా ఇచ్చారు! రెండేళ్ళ కిందట ఇక్కడే తుంటి మార్చారు. సంతకం పెట్టి మరీ ఇచ్చారు."

కుర్చీలో ముందుకి జరిగాను.

"ఎవరిది ఎవరికి పెడతారో చెబుతారా?" అని అడిగాను.

"చెప్పం. ఇచ్చినవాళ్ళకీ చెప్పం, పుచ్చుకున్నవాళ్ళకీ చెప్పం."

"ఫలానావాళ్ళది వద్దని అనొచ్చా?"

"సంతలో టమాటాలు కావండీ ఏరుకోడానికి."

జనవరి 15

అనుకున్నంతా అయింది. చెల్లి కడుపులో మాట ఆగదు. పొద్దున్నే టీ కప్పుతో బావ నా గది గుమ్మంలో ప్రత్యక్షం.

"ఏం బావా, నన్ను నీలో పెట్టుకుంటావటగా!"

"ఇంకా ఏం తెలీదండీ" అంది చెల్లి వెనకనుంచి.

"తెలియకపోవడమేంటే? ఈ ఊళ్ళో ఎంతమంది ఇచ్చుంటారు? అందులోనూ నాది మొదటిరకం. డాక్టరే అంది."

"ఏమంది డాక్టరు?" అన్నాను.

"బాగా అరిగిందంది. అంటే బాగా వాడానన్నమాట. నువ్వు వాడితే కదా అరగడానికి? కుర్చీలో కూర్చుని అచ్చుతప్పులు ఏరినవాడివి."

జనవరి 16

కావాల్సిందంతా నా తుంటిలోంచే తీసుకోమని సర్జన్‌కి ఫోను చేశాను. ఒకటి చాలకపోతే రెండు తుంట్లూ తీసుకోమన్నాను. కుదరదట.

జనవరి 27

రేపు పొద్దున్నే కోత. సంతకం పెట్టాను. గత్యంతరం లేక పెట్టానని పక్కన రాయబోతే నర్సు కలం లాక్కుంది.

జనవరి 31

లోపల ఉన్నాడు. నాకు తెలుసు.

కట్టు కింద ఒకటే గుణగుణ. దురద అంటుంది నర్సు. డెబ్బై ఏళ్ళు దాటాయి, నా ఎముక ఏనాడూ ఇలా వాగలేదు.

ఫిబ్రవరి 6

ఇంటికి తెచ్చారు. ఎముక అతుకుతుందో లేదో తెలియడానికి నెలలు పడుతుంది. కొన్ని వారాలు కాలు నేలకి ఆనించకూడదు. ఈ ఒక్క ఆజ్ఞ నాకు నచ్చింది.

బావ ఇప్పుడు నాతో మాట్లాడడం మానేశాడు. తిన్నగా కాలితోనే మాట్లాడుతున్నాడు. పొద్దున లేవగానే వచ్చి, వంగి, కట్టు మీద వేలితో టకటకా కొట్టి, "బాగున్నావా? అక్కడ సరిపోతోందా? నిన్నేమైనా తిడుతున్నాడా?" అని అడుగుతాడు. ఆ తర్వాత చెవి పెట్టి విని, "తిడుతున్నాడటే" అని చెల్లికి చెబుతాడు. చెల్లి కొంగు నోట్లో కుక్కుకుని నవ్వుతుంది. తోడబుట్టినది!

ఫిబ్రవరి 15

ఆస్పత్రివాళ్ళు జాగ్రత్తల చిన్న పుస్తకం ఇచ్చారు. పన్నెండు పేజీల్లో పంతొమ్మిది తప్పులు. 'కాలు ఎత్తుగా పెట్టుకోవలెను' అన్నచోట 'పెట్టుకొనవలదు' అని అచ్చయింది. దీన్ని నమ్మినవాళ్ళెంతమంది ఉన్నారో! ఎర్ర సిరాతో అన్నీ దిద్ది తిరిగి పంపించాను. మా పత్రిక సంపాదకుడు ఒక్క తప్పూ ఒప్పుకునేవాడు కాదు. ఆయన పోయినప్పుడు వేసిన ప్రత్యేక సంచికకి ప్రూఫులు నేనే దిద్దాను. ఆయన గురించి ఎంత అబద్ధమైనా ఉండనిచ్చాను గాని, ఒక్క అక్షరం తప్పు పోనివ్వలేదు.

ఫిబ్రవరి 22

కిటికీ దగ్గర కూర్చుంటే వీధిలో పోతున్న మందుల షాపాయన ఆగి పలకరించాడు.

"ఏమండీ, మీ బావగారి కాలు ఎలా ఉంది?"

"ఆయనకేం, దుక్కలా ఉన్నాడు."

"ఆయనది కాదండీ. మీ దగ్గరున్నది."

వీధంతా చాటాడన్నమాట.

మార్చి 18

కాలు మోపడం మొదలెట్టాలట. కసరత్తు నేర్పేవాడు ఇంటికొచ్చాడు. మెడలో ఈలొకటి వేలాడుతోంది, అందుకని రింగ్‌మాస్టర్ అని పేరు పెట్టాను. ఒళ్ళు తూచుకునే మిషను ఒకటి తెచ్చి నేలమీద పెట్టాడు. దానిమీద కాలు ఆనించి ముల్లు ఇరవై కిలోల దగ్గరకొచ్చేదాకా నొక్కాలి. అంత బరువే వేయాలి, ఎక్కువా వద్దు తక్కువా వద్దు. అలా రోజూ చేస్తే ఎంత మోపితే ఇరవయ్యో కాలికి అలవాటవుతుందట.

బావ పక్కన స్టూలు వేసుకుని కూర్చున్నాడు, ముల్లు చూడ్డానికి.

"ఆరా? పెద్దపిల్లి ఆనినా అంతకన్నా ఎక్కువొస్తుంది బావా."

లోపలికి పొమ్మన్నాను.

మార్చి 24

ఇవాళ ముల్లు ఇరవై చూపించింది. ఎలా చూపించిందన్నది సాంకేతిక విషయం.

ఏప్రిల్ 2

ఇవాళా ఇరవై. చెల్లి గుమ్మంలో నిలబడి చాలాసేపు చూసింది. చేతికర్ర కొన మిషను మీద ఎందుకుందని అడిగింది. పట్టు కోసమని చెప్పాను.

ఏప్రిల్ 9

పాత వైద్య గ్రంథాలు నాలుగు తిరగేశాను. విరిగిన ఎముకకి విశ్రాంతిని మించిన మందు లేదని మూడింటిలో స్పష్టంగా ఉంది. నాలుగోది ఈమధ్య వచ్చిన పుస్తకం, నమ్మదగినది కాదు. కాబట్టి కాలికి విశ్రాంతి ఇస్తున్నాను. దీన్ని భయమని బావ అంటున్నాడు. భయం కాదు. ఆ రోజు స్టూలు ఒరిగినప్పుడు ఎండుకట్టె విరిచినట్టు ఒక చప్పుడు వినిపించింది. కాలు మోపబోయినప్పుడల్లా ఆ చప్పుడు చెవిలో పడుతుంది. అంతే. దాన్ని భయమని ఎవరూ అనరు.

ఏప్రిల్ 23

ఎక్స్‌రే. సర్జన్ నుదురు చిట్లించింది. సందులో పల్చటి పొగమంచులాంటిది ఉంది, అంతకుమించి ఏమీ లేదు.

"ఈపాటికి గట్టిపడాలి. బరువు వేస్తున్నారా?"

"వేస్తున్నాను."

"అన్నయ్యా" అంది చెల్లి.

ఆ గదిలో గోడ గడియారం చప్పుడు చాలా ఎక్కువ.

సర్జన్ కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చుంది. "చూడండి. మేం పెట్టిన ఎముక పందిరి లాంటిది. దానికి ప్రాణం లేదు. తీగ మీది. మీ ఎముక కణాలు ఆ పందిరి మీదికి పాకుతాయి. పాకుతూ దాన్ని కొంచెం కొంచెంగా తినేస్తాయి. తిన్నచోటల్లా మీ సొంత ఎముక కడతాయి. చివరికి పందిరి ఉండదు, అంతా మీదే. కానీ ఇక్కడ పనుందని ఆ కణాలకి తెలియాలి కదా? బరువు పడితేనే తెలుస్తుంది. మీరు కాలు ఎత్తిపెట్టుకుని కూర్చుంటే అవీ కూర్చుంటాయి. ఇంకో మూడు నెలలు చూస్తాను. అప్పటికీ ఇలాగే ఉంటే నా చేతిలో ఏం లేదు."

ఇంత తేటగా చెప్పిన పుస్తకం నా అరల్లో ఒక్కటీ లేదు.

"అంటే, ఎంత నడిస్తే బావ అంత పోతాడన్నమాట!" అన్నాను ఉత్సాహం ఆపుకోలేక.

"అన్నయ్యా!" చెల్లి అరిచిన అరుపుకి పక్కగదిలోంచి నర్సు పరిగెత్తుకొచ్చింది. "ముత్తైదువని ఎదురుగా పెట్టుకుని అవేం మాటలు!"

ఏప్రిల్ 24

ముల్లు ఇరవై. కర్ర లేకుండా.

చప్పుడు రాలేదు.

ఏప్రిల్ 30

నడక చట్రం పట్టుకుని వసారా ఈ చివరినుంచి ఆ చివరికి. కాలు మోపిన ప్రతిసారీ 'పో' అంటున్నాను. మనసులోనే అనుకున్నాను గాని పైకే వినిపిస్తోందట. రింగ్‌మాస్టర్ భయపడి ఎందుకైనా మంచిదని ఈల మానేశాడు.

మే 8

వీధిలోకి వచ్చాను. వెనకాలే బావ.

"నన్ను తొక్కి చంపుతున్నావటగా?"

"అవును."

"తొక్కు తొక్కు. అంత సులువుగా చస్తానా? మొండిఘటాన్ని."

వీధి మలుపుదాకా ఇద్దరం నడిచాం. నేను చట్రంతో, అతను స్టీలు తుంటితో. మందుల షాపు దగ్గర ఆగి, రేడియోలో పాట బాగుంటుందా సినిమా హాల్లో బాగుంటుందా అనే దానిమీద పోట్లాడుకున్నాం. పోట్లాటలో ఎంతదూరం వెళ్ళామో గమనించలేదు. రింగ్‌మాస్టర్ చెప్పినదానికి రెట్టింపట.

మే 19

మలుపు దాటి బస్సు స్టాపుదాకా. చట్రం వదిలేశాను, ఇప్పుడు కర్రే.

బావకి దేనిగురించీ పూర్తిగా తెలియదు, అన్నిటి గురించీ మాట్లాడతాడు. ఇవాళ నక్షత్రాలు, కందిరీగలు, కాగితం తయారీ అయ్యాయి. కాగితం గురించి నాకు చెబుతాడు! వరసగా ఏడు తప్పులు చూపించాను. నడవడం కూడా మర్చిపోయి పక్కన నిలబడి వేళ్ళమీద లెక్కపెట్టాడు. "ఏడా? నిన్న తొమ్మిది. బాగుపడుతున్నాను" అన్నాడు.

జూన్ 2

బావకి జలుబు, రాలేదు. నిశ్చింతగా ఒక్కణ్ణే బయల్దేరాను. సగం దారిలోంచి తిరిగొచ్చాను. ఎండ మండిపోతోంది.

మబ్బు పట్టి ఉందని చెల్లి అంటుంది. చెల్లికి చూపు తగ్గింది.

జూన్ 3

ఇవాళా ఎండే.

జూన్ 5

బావ లేచాడు. ముక్కు చీదుకుంటూ బస్సు స్టాపుదాకా వచ్చాడు. వాతావరణం చల్లబడింది.

జూలై 21

ముడిపడింది!

నల్లటి సందు లేదు. దాని స్థానంలో తెల్లగా, మందంగా, కాస్త వంకరటింకరగా, కొత్త మేస్త్రీ కట్టిన గోడలా ఎముక. సర్జన్ ఫిల్ము మీద వేలు పెట్టి, "ఇదిగో ఇటు నుంచి ఒక వంతెన, అటు నుంచి ఒక వంతెన" అని చూపించింది. "ఇనప చట్రం అక్కర్లేదు. ఇంకొన్ని వారాలు మెట్ల మీద సాధన చేయండి. మీ ఇంటికి మీరు వెళ్ళిపోవచ్చు."

కళ్ళలో ఏదో నలుసు పడింది. ఆస్పత్రి శుభ్రత గురించి వాళ్ళ పుస్తకంలో రాసినదంతా అబద్ధం.

చెల్లి బయటికొస్తూనే వసారాలో కూర్చున్న బావతో చెప్పింది. ఆ మహానుభావుడు లేచి నిలబడి, అక్కడున్న రోగులందరికీ వినబడేలా, "నాదండీ! నా ఎముకే!" అన్నాడు. ఇద్దరు చప్పట్లు కొట్టారు కూడా.

జూలై 29

ఇక భరించడం నావల్ల కాదు. అతికిన కాలు నాది. నొప్పి పడింది నేను. నడిచింది నేను. పేరు బావది! పార్కులో ముసలాళ్ళు వంతులు వేసుకుని అతనికి టీ ఇప్పిస్తున్నారట, ఎముక దానం చేసిన కథ చెప్పినందుకు. కథలో నేను బల్లమీద గిలగిల్లాడుతుంటాను, అతను 'తీసుకోండి డాక్టరుగారూ, మా బావ బతికితే చాలు' అంటాడు. ఎముక తీసి అప్పటికే రెండేళ్ళు! అబద్ధానికైనా తేదీలు కుదరాలా వద్దా?

రేపు బ్యాంకుకి వెళ్ళి తేల్చేస్తాను.

జూలై 30

ఎముకల బ్యాంకు ఆస్పత్రి వెనకవైపు. పెద్ద హాలు అనుకున్నాను. మూడు తెల్లటి ఫ్రీజర్లు, ఒక బల్ల, ఉన్ని టోపీ పెట్టుకున్న ఒక నడివయసు ఆవిడ. వేసవిలో కూడా టోపీ తియ్యదట.

"ఎవరిదో చెప్పకూడదండీ" అంది నేను నోరు తెరవకముందే.

"ఎవరిదో చెప్పొద్దు తల్లీ. ఎవరిది కాదో చెప్పు, చాలు."

నవ్వింది. "మీ తెలివికి నా ఉద్యోగం పోతుంది. అదీ చెప్పకూడదు."

సరే, తలుపు మూసుకుపోయింది, కిటికీ చూద్దామనుకున్నాను. కనీసం అది శుభ్రమైన సరుకో కాదో తెలుసుకునే హక్కు నాకుంది కదా అన్నాను. అలా అడిగేసరికి ఆవిడకి పౌరుషం వచ్చింది.

"మాకంటే జాగ్రత్త ఎవరు పడతారండీ? ఎముక తీసిన రోజు ఇచ్చినవాళ్ళ రక్తం పరీక్ష చేస్తాం. అది చాలదు. కొన్ని జబ్బులు వెంటనే బయటపడవు. అందుకని ఆరు నెలలయ్యాక వాళ్ళని మళ్ళీ పిలిచి ఇంకోసారి రక్తం తీస్తాం. రెండో పరీక్ష కూడా బాగుంటేనే ఎముక ఈ గది గడప దాటేది."

"రెండోసారి రాకపోతే?"

"ఫోన్ల మీద ఫోన్లు చేస్తాం. అయినా రాకపోతే కాల్చేస్తాం. బంగారంలాంటి ఎముకలు, ప్రాణం ఉసూరుమంటుంది. ఏం చేస్తాం?"

ఇంటికి నడిచే వచ్చాను. ఎంతదూరమో తెలియలేదు.

బావ వసారాలో కూర్చుని రేడియో విప్పి ముందేసుకున్నాడు. కళ్ళజోడు నుదుటిమీద, స్క్రూలు సాసరులో. మెల్లగా దిగాను రంగంలోకి.

"బావా, నీ ఆపరేషన్ అయ్యాక ఆస్పత్రివాళ్ళు మళ్ళీ రక్తానికి పిలిచారా?"

"పిలవకేం! చంపుకుతిన్నారు. నాలుగైదుసార్లు చేశారు ఫోను."

"వెళ్ళావా?"

"నేనెందుకెళ్తాను? ఒకసారి తీశారుగా! సూదంటే నాకు పడదని నీకు తెలుసుగా. చివరికి ఒకరోజు నేనే గొంతు మార్చి, ఆయన ఊళ్ళో లేరండీ, ఎప్పుడొస్తారో తెలీదండీ అని చెప్పేశా. అంతే, పీడ వదిలింది."

వదిలింది. పీడే వదిలింది.

ముప్ఫై ఏళ్ళకి పైగా ఈ వాక్యం కోసం ఎదురుచూశాను. వాక్యమంటే ఇలా ఉండాలి. చిన్నది, తిరుగులేనిది, ఒక్క అక్షరం దిద్దడానికి వీల్లేనిది: నీ ఎముక కాల్చేశారు బావా. నాలుక చివరిదాకా వచ్చింది. రుచి కూడా తెలిసింది.

"ఎందుకడిగావు?" అన్నాడు బావ, రేడియోలోంచి తలెత్తకుండానే. మళ్ళీ అతనే, "నవ్వనంటే ఒక మాట చెబుతా. ఫొటో స్టూడియో పెట్టాను, పోయింది. వాచీల కొట్టు పెట్టాను, పోయింది. ఈ రేడియోల కొట్టు సంగతి నీకు తెలిసిందే. నువ్వు అన్నిటికీ ముందే చెప్పావు నిలవదని. నేను ఎక్కడైనా పెట్టినవాటిలో నిలబడింది ఇదొక్కటే. నిలబడ్డమే కాదు, నడుస్తోంది కూడా!" అని నా కాలికేసి చూసి పకపకా నవ్వాడు.

"ఊరికే అడిగాను" అన్నాను.

అంత మంచి వాక్యాన్ని ఆదరాబాదరాగా వాడకూడదు. అదను చూసి వాడాలి. దాచిపెట్టాను.

జూలై 31

ఇవాళ చెబుదామనుకున్నాను. బావ నిద్రపోతున్నాడు.

ఆగస్టు 1

చెల్లి ఉంది ఎదురుగా.

ఆగస్టు 3

వర్షం.

ఆగస్టు 6

బావ లేడు లోపల. ఎన్నడూ లేడు. ఇన్నాళ్ళూ 'పో, పో' అని తొక్కింది ఎవర్ని?

ఎవరో. ఆడో మగో తెలియదు. ఆపరేషన్ అయి, కర్ర పట్టుకుని, ఆరు నెలలకి మళ్ళీ ఆస్పత్రికి వచ్చి, మొహం తెలియని మనిషి కోసం ఇంకోసారి సూది పొడిపించుకుని పోయినవాళ్ళు. అంత బుద్ధిమంతులతో నాకు ఎప్పుడూ పొసగలేదు. ఇవాళ మెట్ల దగ్గర కాలు మోపబోయి, అలవాటుకొద్దీ 'పో' అనబోయి ఆగాను. తిట్టడానికి మనసొప్పలేదు. తిట్టలేని మనిషితో ఎలా నడవడం? రెండు మెట్లెక్కి ఆగిపోయాను.

"ఏమైంది బావా? నేను బరువెక్కానా?" అన్నాడు కిందనుంచి.

"ఏనుగులా ఉన్నావు! పో!" అన్నాను. మిగతావన్నీ చకచకా ఎక్కేశాను.

ఆగస్టు 20

చెల్లి ఇంటి మేడ మెట్లు ఎక్కడం, దిగడం, ఎక్కడం. రింగ్‌మాస్టర్ చేయి కలిపి సెలవు తీసుకున్నాడు. ఈల నాకిచ్చి పోయాడు, బావ దగ్గరికొచ్చినప్పుడు ఊదడానికి.

సెప్టెంబరు 3

ఆస్పత్రి నుంచి కవరు. జాగ్రత్తల పుస్తకం కొత్త అచ్చు. నా దిద్దుబాట్లన్నీ వేశారు. కొత్తగా రెండు తప్పులు చేశారు. మనసుకి హాయిగా ఉంది.

సెప్టెంబరు 11

నా ఇల్లు. నా కుర్చీ. నా దుమ్ము.

పొద్దున బయల్దేరాం. చెల్లి నా బట్టల సంచి పట్టుకుని ముందు వెళ్ళింది తాళం తీయడానికి. నేను కర్రతో, నా వెనక బావ. నువ్వు కిందే ఉండు, స్టీలు తుంటివాడికి మూడంతస్తులు ఎందుకు అన్నాను. వినలేదు. "నా ఎముక ఎక్కడికెళ్తే నేనక్కడికి" అన్నాడు.

మొదటి అంతస్తు దాటేసరికి నాకంటే అతనికే ఆయాసం ఎక్కువైంది. అయినా నోరాగదు. "మెల్లగా బావా... తొందరేం లేదు... నన్ను కాస్త చూసుకుని మోపు..." ప్రతి మెట్టుకీ ఒక సలహా.

రెండో అంతస్తులో దర్జీ ఉంటాడు. కాలు విరిగిన రోజు నన్ను నలుగురితో కలిసి కుర్చీలో కిందికి మోసినవాడు. తలుపు తీసి చూసి, మెడలో టేపుతో అలాగే బయటికి పరిగెత్తుకొచ్చాడు.

"మాస్టారూ! మీ కాళ్ళమీద మీరే! మళ్ళీ చూస్తాననుకోలేదు సుమండీ. వేరే ఎముక పెట్టారని విన్నాను. నిజమేనా?"

"నిజమే."

"ఎవరిదండీ అది?"

మామూలుగా అయితే ఇక్కడ బావ అందుకోవాలి. 'నాదండీ' అనాలి. కానీ అతను రెయిలింగు పట్టుకుని, నోరు తెరుచుకుని, ఊపిరి కోసం ఎగబీలుస్తున్నాడు. మాట రావడం లేదు. చేయి మాత్రం ఒక్క నిమిషం అన్నట్టు పైకెత్తాడు.

నా ఎదుట సాక్షి ఉన్నాడు. శత్రువుకి నోరు పెగలడం లేదు. దాచుకున్న వాక్యం నాలుక మీద సిద్ధంగా ఉంది. ఇంతకంటే మంచి అదను ఈ జన్మలో రాదు.

"ఇదిగో, ఈయనదే. మా బావది" అన్నాను.

దర్జీ రెండు చేతులూ ఎత్తి బావకి దండం పెట్టాడు. బావ ఎత్తిన చేయి అలాగే ఉండిపోయింది. ఆయాసం తీరింది, అయినా మాట్లాడలేదు. నా మొహంలోకి చూశాడు. కళ్ళజోడు తీసి చొక్కా కొసతో తుడిచాడు. మళ్ళీ పెట్టుకున్నాడు. మళ్ళీ తీశాడు. మిగిలిన అంతస్తు అంతా ఇద్దరం ఎక్కాం. ఒక్క సలహా లేదు, ఒక్క ఛలోక్తి లేదు.

ముప్ఫై ఏళ్ళకి పైగా వాదించాను, ఉదాహరించాను, పుస్తకాలు తీసి చూపించాను, ఏనాడూ ఈ మనిషి నోరు మూయించలేకపోయాను. ఇవాళ ఒక్క మాటతో మూయించాను.

గెలుపు నాదే.